గుసగుస: ఒక మెల్లని మాట పుట్టుపూర్వాలు

మెల్లని ధ్వనులకు తెలుగులో ఉన్న పేర్లలో గుసగుస అన్నది అందరికీ తెలిసిన మాట, బహుశా అందువల్లనే దాని పుట్టుకను గురించి ఆరా తీసినవారు తక్కువ. రహస్యంగా మాట్లాడుకొనేటప్పుడు పుట్టే ధ్వని అని నిఘంటువులు దానికి అర్థం చెప్పి, ధ్వన్యనుకరణమని పేర్కొని ముందుకు సాగిపోతాయి. ధ్వన్యనుకరణమంటే బయట వినిపించిన చప్పుడును నోటితో అనుకరించగా ఏర్పడిన పదం. గలగల, చిటపట, కిచకిచ వంటివన్నీ ఆ కోవలోనివే. అయితే గలగల పారేది నీరు, చిటపటలాడేది నిప్పు, కిచకిచలాడేది పిట్ట. గుసగుసలాడేది మాత్రం మనిషి, అదీ మాట్లాడడానికి వాడే నోటితోనే. నోరు తాను చేసే పనిని తానే అనుకరించి పెట్టుకొన్న పేరు ఇది. ఈ సంగతి గుర్తుంచుకొని చూస్తే ఆ మాటలోని అక్షరాలు అక్కడ ఎందుకు చేరాయో చెప్పడానికి చాలావరకు వీలవుతుంది.

హైదరాబాదు తూర్పు భాగంలోని ఉప్పల్, నాచారం ప్రాంతాలు ఇటువంటి పరిశీలనకు ఎంతో అనువైనవి. ఒకప్పుడు చెరువులతో, పొలాలతో ఉన్న ఈ ఊళ్లలో పారిశ్రామికవాడలు వెలిసిన తరువాత తెలంగాణ పల్లెల నుంచీ కోస్తా, రాయలసీమ జిల్లాల నుంచీ వచ్చినవారితో పాటు ఇరుగుపొరుగు రాష్ట్రాలవారూ, ఉత్తరాది కార్మికులూ ఇక్కడ పనుల్లో చేరారు; దక్కనీ ఉర్దూ అంతకు ముందు నుంచే ఇక్కడి వీధుల్లో ఉన్నది. అన్నం వేళ ఒకచోట కూర్చున్న నలుగురు కార్మికులవి నాలుగు మాతృభాషలు కావచ్చు, అయినా ఎవరైనా ఇద్దరు తలలు దగ్గరికి చేర్చి మాట్లాడుకొంటే దానికి ఆ నాలుగు భాషలూ పెట్టే పేర్లు ఒకదానికొకటి చాలా దగ్గరగా ఉంటాయి. తెలుగువారి గుసగుస కన్నడిగులకు గుసుగుసు లేదా పిసుపిసు, తమిళులకు కుసుకుసు, మలయాళులకు కుశుకుశు. ఇవన్నీ ద్రావిడ భాషలు కనుక పోలికలో వింత లేదనుకోవచ్చు. కాని ఇండో ఆర్య కుటుంబానికి చెందిన హిందీలో ఫుస్‌ఫుస్, మరాఠీలో కుజ్‌బుజ్, ఉర్దూలో ఖుసుర్‌ఫుసుర్ అన్న మాటలు కూడా ఇదే పోలికతో ఉన్నాయి, వాటిని ఒక్క మూలభాష నుంచి వచ్చినవని సరిపెట్టుకోవడానికి వీలులేదు.

ఈ చిక్కును శాస్త్రీయంగా పట్టించుకొన్నవారిలో ముఖ్యుడు భాషాశాస్త్రజ్ఞుడు మరే బి. ఎమెనో. వేర్వేరు కుటుంబాలకు చెందిన భాషలు శతాబ్దాల తరబడి ఒకే నేల మీద కలిసి మెలగడం వల్ల ఉమ్మడి లక్షణాలను సంతరించుకొన్నాయని, ఆ దృష్టితో భారతదేశాన్ని ఒక భాషామండలంగా చూడవచ్చని ఆయన 1956లో ప్రతిపాదించాడు. తిరిగి 1969లో ఈ ధ్వన్యనుకరణ పదాలనే తీసుకొని, జంటగా పలికే ఇటువంటి మాటలు ద్రావిడ భాషల్లోనూ ఇండో ఆర్య భాషల్లోనూ సమానంగా విస్తరించి ఉండడం ఆ కలయికకు బలమైన సాక్ష్యమని చూపించాడు. ఆయనా టి. బరో కలిసి 1961లో వెలువరించి, 1984లో సవరించి ప్రచురించిన ద్రావిడ భాషల వ్యుత్పత్తి నిఘంటువులో ఇటువంటి మాటలకు కూడా మిగిలిన పదాలతో సమానమైన గౌరవం దక్కింది. ఉప్పల్‌కు పడమట, తార్నాకకు ఆనుకొని ఉన్న ఉస్మానియా విశ్వవిద్యాలయంలో భాషాశాస్త్ర శాఖను తీర్చిదిద్దిన భద్రిరాజు కృష్ణమూర్తి తెలుగు ధాతువుల మీద చేసిన పరిశోధన గ్రంథరూపంలో వచ్చింది కూడా ఆ 1961లోనే. తెలుగు పదాల పుట్టుకను ఊహల మీద కాక ధ్వని సూత్రాల మీద నిలబెట్టే సంప్రదాయం ఈ పరిసరాల్లో బలపడిందని చెప్పడం అతిశయోక్తి కాదు.

ఆ సూత్రాలను గుసగుసకు అన్వయిస్తే ఒక ముచ్చటైన విషయం బయటపడుతుంది. తెలుగు వ్యాకరణంలో క, చ, ట, త, ప అన్న గట్టి అక్షరాలకు పరుషాలని, గ, జ, డ, ద, బ అన్న మెత్తని అక్షరాలకు సరళాలని పేర్లు. తమిళంలో మాట మొదట పరుషంతో పలికే పదాలు కొన్ని తెలుగులో సరళంతో మొదలవుతాయి. తమిళుల కుఱి తెలుగువారికి గురి అయినట్టే కుసుకుసు గుసగుస అయిందనడానికి అవకాశం ఉన్నది. తమిళ లిపిలో ఆ రెండవ అక్షరాన్ని చకారంగానే రాస్తారు, కాని అచ్చుల నడుమ దాన్ని నోటిమాటలో సకారంగా పలుకుతారు. చిన్నయసూరి 1858 నాటి బాలవ్యాకరణంలో సూత్రీకరించిన గసడదవాదేశ సంధిలో కూడా ప్రథమా విభక్తి మీద వచ్చిన కకారానికి గకారం, చకారానికి సకారం వస్తాయి, కనుకనే వాడు కొట్టె అన్నది వాడు గొట్టె అవుతుంది, అపుడు చనియె అన్నది అపుడు సనియె అవుతుంది. ఉప్పల్ ప్రాంతపు పాతకాపులు చప్పుడును సప్పుడు అనడంలోనూ చకారం సకారమయ్యే ఆ మొగ్గే కనిపిస్తుంది. గసడదవలలోని మొదటి రెండు అక్షరాలే గుసగుసను నిర్మించాయి. తెలుగు నాలుక గట్టిదనాన్ని సడలించే వేళ ఆశ్రయించే అక్షరాలు అవి. అయితే దీన్ని పూర్తి రుజువుగా తీసుకోవడం తొందరపాటు అవుతుంది. ధ్వన్యనుకరణ పదాలు ధ్వని సూత్రాలకు అన్ని వేళలా లొంగవు, ఎందుకంటే ప్రతి తరమూ వాటిని పూర్వుల నుంచి విని నేర్చుకొంటూనే, అసలు ధ్వనితో పోల్చి చూసుకొని మళ్లీ తీర్చుకొంటూ ఉంటుంది. గుసగుస వారసత్వంగా వచ్చిన మాట అవునా, విని కల్పించుకొన్న మాట అవునా అని నిలదీస్తే రెండూ అవుననడమే న్యాయంగా తోస్తుంది.

వ్యాకరణంలో ఒక మాటను రెండు సార్లు పలికినప్పుడు రెండవదాన్ని ఆమ్రేడితం అంటారు. మెల్లమెల్లగా అన్నప్పుడు మెల్ల అన్న మాటకు విడిగా అర్థం ఉన్నది, దాన్ని మళ్లీ పలకడం వల్ల ఆ అర్థం బలపడుతుంది. గుస అన్నదానికి విడిగా అర్థమే లేదు. రెండు సార్లు పలికితేనే అది మాట. ఆ ధ్వని ఒక్కసారిగా పుట్టి ఆగిపోయేది కాదనీ, తెంపు లేకుండా సాగేదనీ, ఒక నోటి నుంచి ఒక చెవికి, ఆ నోటి నుంచి ఈ చెవికి మారేదనీ ఆ జంట చెబుతుంది. ఈ నిర్మాణం భారతీయ భాషలకే పరిమితం కాదు. జపాను భాషలో గుసగుసకు హిసొహిసొ అంటారు; లాటిన్‌లో దాని పేరు సుసుర్రుస్; అరబ్బీలో వస్‌వసా. ఈ చివరి మాట ఖురాను చిట్టచివరి అధ్యాయంలో మనుషుల గుండెల్లో దురాలోచన ఊదే వాడి ప్రస్తావనలో వస్తుంది, ఉర్దూలోకి వచ్చేసరికి మనసును తొలిచే అనుమానమన్న అర్థం తెచ్చుకొన్నది. ఒకదానితో మరొకదానికి చుట్టరికం లేని ఈ మూడు భాషల్లోనూ సకారం కనిపించడం యాదృచ్ఛికం కాదు.

దానికి కారణం గొంతులో ఉన్నది. మామూలుగా మాట్లాడేటప్పుడు కంఠంలోని స్వరతంత్రులు దగ్గరికి చేరి, ఊపిరి వాటి నడుమ నుంచి వెళుతూ వాటిని కంపింపజేస్తుంది. ఆ కంపనమే నాదం. గుసగుసలో స్వరతంత్రులు కంపించకుండా కొంచెం విడివడి ఉంటాయి, ఆ సందులో ఊపిరి ఒరుసుకొనిపోవడం వల్ల పుట్టిన గాలి రాపిడినే నాలుక, పెదవులు మాటలుగా మలుస్తాయి. మూసుకొన్న కంఠం నుంచి నాదం, తెరుచుకొన్న కంఠం నుంచి శ్వాస, ఆ రెంటి నడుమ హకారం పుడతాయన్న విభజనను తెలుగు వైదికుల్లో ఎక్కువమంది అధ్యయనం చేసే తైత్తిరీయ శాఖకు చెందిన ప్రాతిశాఖ్యం ఏనాడో చెప్పింది. ప్రాతిశాఖ్యమంటే ఒక వేదశాఖ ఉచ్చారణను నియమించే శాస్త్రం. నాదం లేని అక్షరాల్లో ఊపిరి రాపిడి స్పష్టంగా వినిపించేది సకారంలోనే కనుక గుసగుసను అనుకరించాలనుకొన్న ఏ నోరైనా దాని వద్దకే చేరుతుంది. ఇక గకారం నాదాక్షరం; గుసగుస అన్న మాటను గుసగుసగానే పలికితే అందులోని గకారం నాదాన్ని పోగొట్టుకొని కకారానికి దగ్గరపడుతుంది, మాట దాదాపు కుసకుస అవుతుంది. తమిళుల మాట మెల్లగా మాట్లాడుతున్నవారి నోటిలో ఉన్నట్టే ఉన్నదని, తెలుగువారి మాట దాన్ని విన్నవారు గొంతు విప్పి మరొకరికి చెబుతున్నట్టు ఉన్నదని అనిపిస్తుంది.

అదే ప్రాతిశాఖ్యం వాక్కుకు ఏడు స్థానాలను లెక్కిస్తుంది. నోటి కదలిక ఉండి శబ్దం బయటికి రానిది ఉపాంశువు, అక్షరాలు విడివిడిగా తెలియనిది ధ్వానం, అవి తెలియడం మొదలైతే నిమదం, శబ్దంతో కూడితే ఉపబ్దిమత్తు. ఆ పైన రొమ్ములో పలికే మంద్రం, కంఠంలో పలికే మధ్యమం, శిరస్సులో పలికే తారం. ఏడింటిలో నాలుగు మామూలు గొంతుకు దిగువన ఉన్నవే కావడం గమనించదగినది. బిగ్గరగా చదివే వేదానికి నియమాలు రాసినవారు మెల్లని పలుకును ఇంత నిశితంగా విభజించారంటే, అది వారి దృష్టిలో గట్టి పలుకుకు తగ్గిన రూపం కాదని, తనదైన ప్రయోజనం ఉన్న మరొక పలుకని అర్థమవుతుంది.

తెలుగు పలుకుబడి కూడా ఇటువంటి నిశితత్వాన్నే చూపుతుంది. గుసగుసకు పక్కనే గొణుగుడు, సణుగుడు అన్న మాటలున్నాయి. గొణుగుడును తెలంగాణలో గునుగుడు అంటారు. మూడూ మెల్లని పలుకులే, అయినా వాటిని ఒకదానికి బదులు మరొకటి వాడడం కుదరదు. గొణిగేవాడికి ఎదుట చెవి అక్కరలేదు, సణిగేవాడికి ఎదుటివాడి మీద అసంతృప్తి ఉంటుంది, గుసగుసకు మాత్రం చెప్పేవారూ వినేవారూ ఇద్దరూ కావాలి, వినకూడని మూడోవారు కూడా దగ్గరలో ఉండాలి. ఉచ్చారణలో ఉన్న తేడా మరింత ఆసక్తికరమైనది. గొణుగుడు, సణుగుడు, తమిళుల ముణుముణు వంటి మాటల్లో అనునాసికం, అంటే ముక్కుతో పలికే అక్షరం, తప్పక కనిపిస్తుంది; నాదాన్ని అణచకుండా నోరు సగం మూసి మాట్లాడితే ధ్వని ముక్కు గుండా రావడమే అందుకు కారణం. గుసగుసలో ముక్కుకు పని లేదు, కనుక ఆ మాటలోనూ అనునాసికం లేదు.

నోటికి సంబంధించని మెల్లని చప్పుళ్లకు తెలుగులో వేరే మాటలున్నాయి. ఎవరో కదిలారని తెలిపే చిన్న ధ్వని అలికిడి, అడుగులది సవ్వడి. సద్దు అన్నది సంస్కృతంలోని శబ్దం ప్రాకృతంలో సద్ద అయి, ఆ పైన తెలుగులోకి వచ్చిన రూపం. పలకడానికి బరువైన బకార దకారాల జంట ద్విత్వ దకారంగా కరిగిపోవడంతో పాటు అర్థంలోనూ పదును తగ్గి, గొడవ సద్దుమణిగింది అన్న ప్రయోగంలో ఎక్కువగా నిలిచింది. సంస్కృతంలో నిఘంటుకర్త అమరసింహుడు బట్టలూ ఆకులూ చేసే ధ్వనికి మర్మరమని, నగలు చేసే ధ్వనికి శింజితమని, తియ్యగా అస్పష్టంగా ఉన్న ధ్వనికి కలమని, అది మరీ సన్నగా ఉంటే కాకలి అని వేరువేరు పేర్లు చెప్పాడు. ఆ కలమే రెండు సార్లు పలికితే కలకలమై కోలాహలానికి పేరు కావడం చూస్తే, జంట చేయడం మెల్లని ధ్వనిని గుంపుగా పెంచిందని ఊహించవచ్చు.

గుసగుసకు సంఘంలో వచ్చిన అర్థం మరొక దారి పట్టింది. గుసగుసలాడుకోవడాన్ని తెలుగువారు చెవులు కొరుక్కోవడమని కూడా అంటారు, పత్రికల్లో రాజకీయ గుసగుసలంటే రుజువు లేని వార్తలని అర్థం. సడి అన్న మాటకు చప్పుడు, అపవాదు అన్న రెండు అర్థాలూ ఉండడం ఇటువంటిదే. నాటకశాస్త్రం మాత్రం ఈ రహస్యపు పలుకును గౌరవంగా నియమబద్ధం చేసింది: అరచేయి అడ్డం పట్టి కొందరికే వినిపించినట్టు మాట్లాడడం జనాంతికం, ఒకవైపు తిరిగి ఒకరికి రహస్యంగా చెప్పడం అపవారితం. రంగస్థలం మీద ఆ మాట చివరి వరుసకు కూడా వినిపించాలి కనుక నటుడు నిజంగా గుసగుసలాడలేడు, అందుకే చేతి సంకేతం అవసరమైంది. ఇక సినిమాకు వస్తే, నందమూరి తారక రామారావు నెలకొల్పిన స్టూడియో నాచారంలో ఉన్న సంగతి చాలామందికి తెలుసు. సినిమాలోనూ రేడియోలోనూ మైక్రోఫోను నోటి దగ్గరికి చేరడంతో ఆ సంకేతం లేకుండానే నిజమైన గుసగుస లక్షల మందికి వినిపించడం సాధ్యమైంది.

ఇంతటి నిశితమైన మాటలు ఉన్న భాష మాట్లాడే నేల మీద ఆ ధ్వనులకు చోటు ఎంత మిగిలిందన్నది ఉప్పల్, నాచారం విషయంలో తప్పించుకోలేని ప్రశ్న. ధ్వని తీవ్రతను డెసిబెల్ అన్న ప్రమాణంతో కొలుస్తారు. ఈ లెక్కలో ప్రతి 10 డెసిబెళ్ల పెరుగుదలా తీవ్రతను 10 రెట్లు చేస్తుంది. గుసగుస సుమారు 30 డెసిబెళ్లు, మామూలు సంభాషణ సుమారు 60. కేంద్ర ప్రభుత్వం 2000లో చేసిన శబ్ద కాలుష్య నియమాల ప్రకారం నివాస ప్రాంతంలో పగలు 55, రాత్రి 45 డెసిబెళ్లు, పారిశ్రామిక ప్రాంతంలో పగలు 75, రాత్రి 70 డెసిబెళ్లు పరిమితులు. ఆసుపత్రులు, విద్యాసంస్థలు, న్యాయస్థానాల చుట్టూ కనీసం 100 మీటర్ల మేర ఉండే నిశ్శబ్ద మండలంలో పగలు 50, రాత్రి 40. నియమం పూర్తిగా అమలైనా, 30కీ 55కీ నడుమ తీవ్రతలో తేడా 300 రెట్లకు పైన, 30కీ 75కీ నడుమ 30,000 రెట్లకు పైన ఉంటుంది. నాచారంలో పారిశ్రామికవాడా నివాసపు కాలనీలూ ఒకదాన్నొకటి ఆనుకొని ఉన్నాయి, కాగితం మీద ప్రాంతాలను విడదీసే గీత గాలిలో ధ్వనిని ఆపలేదు.

కర్మాగారం లోపల సంగతి ఇంతకంటే బాధాకరమైనది. రోజుకు 8 గంటల పనిలో 90 డెసిబెళ్లు దాటకూడదన్నది దేశంలో పాటించే పరిమితి, శబ్దం వల్ల కలిగే వినికిడి లోపం 1948 నాటి కర్మాగారాల చట్టంలో ప్రభుత్వానికి తప్పక తెలియజేయవలసిన వ్యాధుల పట్టికలో చేరింది. ఈ లోపం చెవి మొత్తాన్ని ఒక్కసారి పట్టదు. సెకనుకు 4,000 కంపనాల ప్రాంతంలోని సన్నని ధ్వనులను ముందుగా దెబ్బతీస్తుంది. గుసగుస మెల్లని ధ్వనే అయినా మంద్రమైన ధ్వని కాదు, సకారపు రాపిడి అంతా ఆ సన్నని కంపనాల మీదనే ఆధారపడి ఉంటుంది. ఏండ్ల తరబడి యంత్రాల పక్కన పనిచేసిన కార్మికుడు మనుషుల గొంతులు వింటూనే, మాటల్లోని సకారాలను పోగొట్టుకొంటాడు. ఇంట్లో మనవరాలు చెవి దగ్గర చెప్పిన రహస్యం అతనికి ముందుగా అందకుండా పోతుంది. చట్టం లెక్కించే తీరులో ఈ నష్టానికి సరైన చోటు దక్కలేదు, దక్కాలి.

వైద్యంలోనూ గుసగుసకు పని ఉన్నది. రోగి వెనుక చేయి చాపినంత దూరంలో నిలబడి అంకెలను, అక్షరాలను గుసగుసగా చెప్పి తిరిగి చెప్పించే పరీక్ష వినికిడిని తెలుసుకొనే పాత పద్ధతి. 1816లో లెనెక్ అనే వైద్యుడు కనిపెట్టిన స్టెతస్కోపుతో ఛాతీ మీద వింటూ రోగిని గుసగుసగా మాట్లాడమనే పరీక్ష కూడా ఉన్నది: గాలితో నిండిన ఆరోగ్యకరమైన ఊపిరితిత్తిలో ఆ పలుకు అస్పష్టంగా అణగిపోతుంది, న్యుమోనియాలో వలె అది గట్టిపడితే మాటలు స్పష్టంగా వినిపిస్తాయి. నాచారం ఇ.ఎస్.ఐ. ఆసుపత్రి వంటి కార్మిక వైద్యశాలల పరిసరాలు నిశ్శబ్దంగా ఉండవలసిన అవసరం రోగుల నిద్ర ఒక్కదాని కోసమే కాదని దీన్నిబట్టి తెలుస్తుంది.

మనిషివి కాని మెల్లని కదలికలను గమనించే చోటు కూడా ఈ పరిసరాల్లోనే ఉన్నది. నాగోలు నుంచి తార్నాక వైపు వెళ్లే మెట్రో మార్గంలో ఉప్పల్, స్టేడియం తరువాత వచ్చే స్టేషనుకు ఎన్.జి.ఆర్.ఐ. అని పేరు. 1961లో ఏర్పడిన ఆ జాతీయ భూభౌతిక పరిశోధన సంస్థ శాస్త్రజ్ఞులు భూమి కంపనాలను నమోదు చేస్తారు. భూకంపం లేని రోజుల్లో కూడా సున్నితమైన పరికరాలు ఎడతెగని సన్నని కదలికను చూపుతూనే ఉంటాయి. సముద్రపు అలలు ఎదురెదురుగా కలిసినప్పుడు అడుగునేలపై పడే ఒత్తిడి వల్ల పుట్టిన కంపనాలు వందల కిలోమీటర్ల లోపలికి ప్రయాణించడం అందుకు ముఖ్య కారణం. దానికి పైన నగరపు రాకపోకల కంపనం పేరుకొంటుంది, 2020 లాక్‌డౌన్ నెలల్లో ప్రపంచమంతటా ఆ పై పొర బాగా తగ్గినట్టు శాస్త్రజ్ఞులు గమనించారు. అలల వల్ల పుట్టే కదలికలో ఒక్కొక్క ఊపుకు కొన్ని సెకన్లు పడుతుంది, మనిషి చెవికి సెకనుకు 20 కంపనాల కంటే తక్కువైనవి వినిపించవు. పూర్వం పనికిరాని రొదగా తీసివేసిన ఆ కదలిక నుంచే ఇప్పుడు భూగర్భపు పొరల స్వరూపాన్ని లెక్కగట్టుతున్నారు. పత్రికలు దీన్ని భూమి గుసగుసలని రాయడానికి ఇష్టపడవచ్చు, కాని ఆ మాట ఇక్కడ పొసగదు: దీనిలో ఊపిరి లేదు, రహస్యం లేదు, వినకూడని మూడోవారు లేరు. చేసేవాడెవరో తెలియకపోయినా, వినేవారు లేకపోయినా చెల్లే మాట సడి. భూమి కదలికకు తెలుగులో పేరు పెట్టవలసి వస్తే దాన్ని భూసడి అనడం సరిగ్గా ఉంటుంది.